మూడో సెల్ మీద కొత్త తారు

బ్యాటరీ చచ్చిందో బతికుందో తేల్చడానికి పెద్ద చదువులు అక్కర్లేదు. ఒక గాజు గొట్టం, దాని తల మీద రబ్బరు బుడ్డి, లోపల తేలే చిన్న బెండు ఉంటే చాలు. సెల్ మూత విప్పి లోపలి యాసిడ్ పీలిస్తే, దమ్మున్నంత వరకూ బెండు పైకి లేస్తుంది. దమ్ము లేకపోతే మునిగిపోతుంది. ఇన్‌స్పెక్టర్ వెలిచ్కా స్తుదెన్‌దోల్ పోలీస్ స్టేషన్‌లో, పొయ్యి పక్కన గచ్చు మీద గొంతుక్కూర్చుని ఆ పనే చేస్తోంది. బయట చలి సున్నాకి ఇరవై డిగ్రీల కిందికి దిగి కూర్చుంది. ఆమె ముందున్న బ్యాటరీ పశువుల డాక్టర్ స్తొయిల్ కారులోది. గురువారం రాత్రి తోడేలు కనుమ మీద ఆ కారులోనే మనిషి గడ్డకట్టి చనిపోయాడు.

ఇవాళ శనివారం. మధ్యాహ్నం సమాధి చేస్తారు. శవం మీద మట్టి పడిందంటే కేసు మీదా పడ్డట్టే. నిజానికి జిల్లా కేంద్రం వాళ్లు ఆమెను పంపింది పరిశోధించి రమ్మని కాదు, సంతకం పెట్టి రమ్మని.

మొదటి మూడు సెల్స్‌లో బెండు నీరసంగా సగం దాకా తేలింది. నాలుగో దాంట్లో బుడుంగున మునిగింది. ఐదు, ఆరు మళ్లీ సగమే. వెలిచ్కా నాలుగో సెల్ ఇంకోసారి చూసింది. మళ్లీ మునిగింది.

"ఏమంటోంది కామ్రేడ్ ఇన్‌స్పెక్టర్, మీ థర్మామీటరు? జ్వరమా, జలుబా?"

కెప్టెన్ మాందెవ్ గుమ్మంలో నిలబడి బూట్ల మంచు దులుపుతున్నాడు. ఈ స్టేషనుకు ఆయనే పెద్ద. ఊళ్లో ఒక్క కారూ కదలని ఆ పొద్దున ఆయన కారు మాత్రం పెళ్లికొడుకులా గేట్లోకి వచ్చి ఆగింది. ఆయన దిగీ దిగగానే బానెట్ ఎత్తి, బ్యాటరీ విప్పి, మిలిటరీ దుప్పట్లో చుట్టి, కానిస్టేబుల్ చెయ్యి సాయం పట్టబోతే వద్దని తనే మోసుకుంటూ గదిలోకి తీసుకెళ్లాడు. అందులో వింతేమీ లేదు. స్తుదెన్‌దోల్‌లో చలికాలమంతా కారు వీధిలో పడుకుంటుంది, బ్యాటరీ పొయ్యి పక్కన పడుకుంటుంది. అందుకే వెలిచ్కా ఒకసారి చూసి మళ్లీ తన పనిలో పడింది. పట్టించుకోనందుకు తరువాత తనను తానే తిట్టుకుంది.

"ఐదు సెల్స్ నీరసంగా ఉన్నాయి, ఒకటి పూర్తిగా పోయింది" అందామె. "లైట్లు వేసి మర్చిపోతే ఆరూ కలిసి పోతాయి. ఒక్కటే పోయిందంటే ఇది పాత రోగం. నెలల నుంచి ఉన్నది."

"మరి నేను చెప్పిందేంటి! స్తొయిల్ బ్యాటరీ రోగం ఊరందరికీ తెలుసు. ఆ కారు నెట్టని మగాడు ఇక్కడ లేడు. మనిషి కనుమ మీద ఆగాడు, సెల్ఫ్ కొట్టాడు, అది టక్కంది, అంతే. బయట చూస్తే మంచు తుఫాను. పొద్దున రోడ్డు మీద మంచు తోసేవాళ్లు చూసేసరికి కొయ్యబారి ఉన్నాడు. చేతిలో పానా అలాగే ఉంది పాపం. పెట్టండి సంతకం."

"ఎందుకు ఆగాడు?"

"ఏంటీ?"

"నా కారుకీ రెండేళ్లు ఇదే రోగం కెప్టెన్. అలాంటి బ్యాటరీ ఉన్నవాడు ఒకసారి స్టార్టయ్యాక ఇల్లు చేరేదాకా ఇంజన్ ఆపడు. తప్పక ఆపితే పల్లంలో, ముక్కు కిందికి పెట్టి ఆపుతాడు. దొర్లించి స్టార్ట్ చేసుకోవచ్చని. ఈయన కారు చదునులో ఉంది. తాళం తిప్పి ఆపేశాడు, ఏ బెంగా లేనట్టు."

"ఒంటికి పోసుకోడానికి ఆగాడేమో! అది కూడా రిపోర్టులో రాయాలా?"

పక్కనున్న కానిస్టేబుళ్లు నవ్వారు. పెద్దాయన జోకు వేస్తే నవ్వడం కూడా డ్యూటీలో భాగమే.

వెలిచ్కా నవ్వలేదు. చేతులు తుడుచుకుని, బ్యాటరీ ఎత్తి పట్టుకుని పెరట్లోకి నడిచింది. అక్కడ స్తొయిల్ కారు ట్రాక్టరు లాక్కొచ్చి వదిలిన చోటే, చక్రాల దాకా మంచులో ఉంది. సార్జెంట్ త్రెందఫిల్ బానెట్ ఎత్తి పట్టుకున్నాడు. వచ్చే ఏడాది రిటైరవుతాడు. ఎవరి జోలికీ పోకుండా ఆ రోజు కోసం ఎదురుచూసే మనిషి.

"బాబాయ్, ట్రాక్టరు వచ్చాక దీన్ని ఎవరైనా ముట్టుకున్నారా?"

"నా కళ్ల ముందే ఉందమ్మా. నిన్న సాయంత్రం నువ్వు బ్యాటరీ విప్పుకుపోయావు. అంతకుముందు ఎవరూ ముట్టలేదు."

బ్యాటరీ కూర్చునే రేకు పళ్లెం మీద వెలిచ్కా టార్చి వేసింది. చుట్టూ తుప్పు పట్టింది. మధ్యలో, ఏళ్ల తరబడి బ్యాటరీ కప్పి ఉంచిన చోట మాత్రం శుభ్రంగా నలుచదరంగా ఉంది. ఆమె బ్యాటరీని అందులో దించింది. ఒక పక్కన వేలెడు వెడల్పున శుభ్రమైన రేకు ఇంకా కనిపిస్తోంది.

బ్యాటరీ కదలకుండా స్తొయిల్ ఇనుప పట్టీ వాడలేదు. రోజూ విప్పి తీసే మనిషికి దాంతో ఓపిక ఉండదు. గుర్రపు జీను పట్టీ ఒకటి బకిలుతో సహా బిగించుకున్నాడు. తోలుకు ఐదు చిల్లులున్నాయి. మూడోది వాడి వాడి సాగిపోయింది, దాని పక్కన తోలు నలిగి నల్లబడింది. కానీ నిన్న ఆమె విప్పేటప్పుడు బకిలు పడి ఉన్నది మూడో దాంట్లో కాదు, ఐదింటికీ అవతల ఉన్న ఇంకో దాంట్లో. అది కత్తి మొనతో పొడిచిన చిల్లు. అంచుల్లో తోలు ఇంకా తెల్లగా ఉంది.

"ఇది ఆయన బ్యాటరీ కాదు" అంది వెలిచ్కా.

"ఇంకా నయం!" వెనక నుంచి కెప్టెన్ గొంతు వచ్చింది. "తోలు పట్టీ చూసి హత్యంటారా? వదులయింది, బిగించుకున్నాడు. నా బెల్టుకీ కొత్త చిల్లు పొడిచాను పోయిన నెల."

"పట్టీ వదులైతే బిగిస్తారు, నిజమే. బ్యాటరీ సన్నబడదు కదా కెప్టెన్."

మాందెవ్ మొహంలో నవ్వు పోయింది. దగ్గరికి వచ్చి, త్రెందఫిల్‌కు వినపడకుండా గొంతు తగ్గించాడు.

"చూడండి మేడం. స్తొయిల్ ఇంట్లో ఒక ముసలావిడ తిండి మానేసి కూర్చుంది. నిన్నంతా 'నేనే చంపాను, నేనే చంపాను' అని ఒకటే గోల. మీరు పోయి ఇంకా కెలికారనుకోండి, రేపు ఆవిడ బావిలో దూకితే జవాబు మీరే చెప్పాలి. సమాధికి చర్చి గంట కొట్టే దాకా టైమిస్తున్నాను. తరువాత జిల్లాకు ఫోన్ చేస్తాను, మీ ఇన్‌స్పెక్టరుకు చలికి మతి పోయిందని."

"తప్పకుండా చెయ్యండి" అంది వెలిచ్కా. "నంబరు కావాలంటే నేనిస్తాను."

స్తొయిల్ ఇంటి తలుపు మీద చావు కబురు చెప్పే నల్లంచు కాగితం అంటించి ఉంది. అందులో ఫొటో ఇరవై ఏళ్ల కిందటిది. లోపల ఇద్దరు ఆడవాళ్లు సమాధి దగ్గర పంచడానికి గోధుమలు ఉడకబెడుతున్నారు. శవపేటిక ముందుగదిలో ఉంది. స్తొయిల్ భార్య దోన్కా మాత్రం వంటింట్లో, గోడకేసి చూస్తూ కూర్చుంది. ఏడవడం లేదు. ఏడుపు వచ్చి ఉంటే వెలిచ్కాకు కాస్త ధైర్యంగా ఉండేది.

"రాసుకో తల్లీ" అంది దోన్కా, పలకరించకముందే. "నేనే చంపాను. ఆ కెప్టెనుకు చెప్తే రాసుకోనన్నాడు. నువ్వైనా రాసుకో."

"ఎలా చంపావు పిన్నీ?"

దోన్కా కాలితో తివాచీ చూపించింది. పొయ్యి పక్కన పిడికెడంత మేర తూట్లు పడి ఉంది. యాసిడ్ తిన్న తూట్లు.

"మా అమ్మ నేసిన తివాచీ. ఈయన రోజూ సాయంత్రం ఆ దరిద్రాన్ని పసిపిల్లాడిలా ఎత్తుకొచ్చి ఇక్కడ పెట్టేవాడు. అది కారింది, ఇది కాలింది. మళ్లీ దాన్ని గడప దాటించావంటే నిన్నూ దాన్నీ కలిపి బయటేస్తా అన్నాను. పది రోజులు పాపం కారులోనే వదిలేశాడు. చలికి దాని ప్రాణం పోయింది, దాంతోపాటు ఈయన ప్రాణమూ పోయింది. ఒక గుడ్డముక్క కోసం మొగుణ్ని చంపుకున్నదాన్ని ఏమంటారో అది రాయి."

ఇలాంటి చోట ఓదార్పు మాటలు చవక. ఆమె కింద కూర్చుని, దోన్కా మోకాలి మీద చెయ్యి వేసింది.

"గురువారం సాయంత్రం కూడా బ్యాటరీ కారులోనే ఉందా?"

దోన్కా మొదటిసారి ఆమెకేసి తిరిగింది.

"లేదు. ఆ రోజు తెచ్చాడు. సిగ్గులేకుండా నవ్వుతూ తెచ్చాడు. 'వాసన చూడు దోన్కా, కంపు లేదు, కారడం లేదు, దీని రోగం కుదిరింది' అన్నాడు. పట్నంలో ఆయనతో మిలిటరీలో పనిచేసినవాడు ఉన్నాడు, వాడు చచ్చిన సెల్ తీసేసి కొత్తది వేసి, పైన తారు పోశాడట. 'ఇక ఎక్కడ పడితే అక్కడ ఇంజన్ ఆపుకోవచ్చు, ఎవడి చేతా నెట్టించుకోనక్కర్లేదు' అన్నాడు. ఇప్పటికి రెండుసార్లు అదే మాట చెప్పి మోసం చేశాడు. అబద్ధాలకోరువి, పో అన్నాను. అటు తిరిగి కూర్చున్నాను. మొహం చూడలేదు తల్లీ. ఆఖరుసారి మొహమే చూడలేదు."

"బ్యాటరీ చూశావా?"

"చూడకేం. పైన ఒకచోట కొత్త తారు, బూటు పాలిష్ వేసినట్టు తళతళలాడుతోంది. ఇల్లంతా తారు వాసన. ఇంకా పోలేదు చూడు."

నిజమే. ఉడికే గోధుమల వాసన కింద ఎక్కడో ఆ వాసన సన్నగా ఉంది. వెలిచ్కా పొయ్యి పక్కన పుల్లల బుట్టలో చెయ్యి పెట్టింది. అడుగున మడతపెట్టిన పాత పేపరు దొరికింది. మీద బ్యాటరీ అడుగు అచ్చు పడి ఉంది. ఒక అంచున, పక్కనుంచి జారిన తారు బొట్టు అంటుకుపోయి ఉంది. ఆమె అచ్చు వెడల్పును జానతో కొలిచింది. స్టేషన్లో ఉన్నదానికంటే వేలెడు ఎక్కువ.

స్టేషన్లో ఉన్న బ్యాటరీ నెత్తి మీద తారంతా బూడిద రంగుకు తిరిగి, బీటలు వారి ఉంది. కొత్త తారు చుక్క కూడా లేదు.

కాబట్టి స్తొయిల్ చదునులో ఎందుకు ఇంజన్ ఆపాడో ఇప్పుడు తెలిసింది. బ్యాటరీ మీద నమ్మకంతో ఆపాడు. తిరిగి వచ్చేసరికి అది అక్కడ లేదు, దాని చోట ఒక బ్యాటరీ శవం ఉంది. పానా చేతిలో పట్టుకుని బానెట్ ఎత్తి ఉంటాడు. చూసి ఉంటాడు. అది తనది కాదని, ఎవడో కావాలని చేశాడని తెలిసే చనిపోయి ఉంటాడు. ఈ ఒక్క ముక్క దోన్కాకు ఎప్పటికీ చెప్పకూడదని వెలిచ్కా అక్కడే నిశ్చయించుకుంది.

"ఆ రాత్రి ఎందుకు వెళ్లాడు పిన్నీ?"

"ఫోనొచ్చింది. మగ గొంతు. కనుమ మీద కొట్టంలో ఆవు ఈనలేక చస్తోందని. ఈయన పేరు కూడా అడగలేదు. ఎవరు పిలిచినా పోయే మనిషి."

ఆ కొట్టం చలికాలమంతా తాళం వేసి ఉంటుందని వెలిచ్కాకు నిన్ననే తెలిసింది. రోడ్డు నుంచి అక్కడికి నడిచి, తలుపు బాది, తిరిగి వచ్చేంతలో బ్యాటరీ మార్చడానికి బోలెడు వ్యవధి ఉంది.

"ఎవరితోనైనా తగాదా ఉందా?"

"రోగం వచ్చిన దూడల్ని పాతిపెట్టమంటే, రాత్రిళ్లు కోసి మాంసం అమ్ముతున్నారని కనిపెట్టాడు. పిల్లలు తింటున్నారు దోన్కా అని నిద్రపోయేవాడు కాదు. సోమవారం జిల్లాకు పోయి చెప్తానన్నాడు. అంత దూరం ఎందుకు, ఇక్కడే ఫిర్యాదు ఇవ్వరాదా అన్నాను." దోన్కా నుదురు ముడిచింది. "'ఫిర్యాదు తీసుకోవాల్సిన వాడే చేస్తుంటే ఎవరికివ్వను' అన్నాడు. నాకేం అర్థమవుతుంది ఆయన మాటలు?"

వెలిచ్కాకు మాత్రం అర్థమైంది. పొద్దున గేట్లోకి దర్జాగా వచ్చిన కారు, మిలిటరీ దుప్పటి, సాయం పట్టబోయిన కానిస్టేబుల్‌ను వారించిన చెయ్యి, అన్నీ ఒకేసారి కళ్ల ముందుకొచ్చాయి.

లేచి నిలబడింది. "మట్టి వేసేలోపు వస్తాను పిన్నీ."

"ఏం తెస్తావు తల్లీ? ఆయన్ని తెస్తావా?"

వెలిచ్కా పేపరును కోటు లోపల పెట్టుకుని బయటపడింది.

స్టేషను గేటు దగ్గర త్రెందఫిల్ మంచు ఎత్తుతున్నాడు.

"బాబాయ్, కెప్టెన్ కారు భలే స్టార్టవుతోందే!"

"ఇప్పుడమ్మా! మొన్నటి దాకా పొద్దున ముగ్గురం, సాయంత్రం ముగ్గురం నెట్టేవాళ్లం. నా నడుం చూడు, విల్లయిపోయింది. నిన్నటి నుంచే దేవుడు కరుణించాడు."

"కొత్త బ్యాటరీ కొన్నారా?"

"కొత్తదా? ఒక్క బ్యాటరీ కోసం రెండేళ్ల నుంచి వరసలో ఉన్నాన్నేను. ఇంకా నా పేరు రాలేదు..." అంటూ ఆగిపోయాడు త్రెందఫిల్. పార మంచులో గుచ్చి, ఆమె మొహంలోకి చూశాడు. అమాయకుడే కానీ బుర్ర తక్కువవాడు కాదు.

"నువ్విక్కడే ఉండు బాబాయ్" అంది వెలిచ్కా.

అప్పుడే చర్చి గంట మొదలైంది.

కెప్టెన్ గదిలో పొయ్యి ఎర్రగా మండుతోంది. ఆయన కిటికీ దగ్గర నిలబడి వీధిలోకి చూస్తున్నాడు. శవాన్ని తీసుకెళ్లాల్సిన లారీ స్టార్ట్ కాలేదట, పేటికను గుర్రపు బండి మీద పెట్టారు. జనం వెనకాల నడిచి వస్తున్నారు.

"సంతకానికి వచ్చారా?" అన్నాడు వెనక్కి తిరగకుండా.

వెలిచ్కా పొయ్యి పక్కకు పోయి, వంగి, దుప్పటి లాగేసింది.

ఆరు సెల్స్. ఐదింటి మీద తారు బూడిద రంగులో ఉంది. మూడో దాని మీద నల్లగా, తళతళలాడుతూ.

"ఇదేంటి కామ్రేడ్ ఇన్‌స్పెక్టర్? చలికాలం అందరూ లోపల పెట్టుకుంటారు. నేనూ పెట్టుకున్నాను."

"అవును. అందరూ పెట్టుకుంటారు. ఎక్కడిది?"

"కొన్నాను."

"ఎవరి దగ్గర? ఏ రోజు?"

ఆయన చెయ్యి బల్ల సొరుగు మీదికి పోయింది. మనిషిని చంపి తప్పించుకునేంత తెలివి ఉన్నవాడికి, మంచి బ్యాటరీని లోయలోకి విసిరే గుండె లేకపోయింది. ఈ ఊళ్లో ఎవడికీ ఉండదు. పాపానికైనా వెరవరు గానీ, బ్యాటరీ పారెయ్యడానికి వెరుస్తారు.

"ఆ దుప్పటి అక్కడ పెట్టి, తలుపు వేసి కూర్చోండి" అన్నాడు. గొంతు మెత్తగా ఉంది. "తీరిగ్గా మాట్లాడుకుందాం. మీ కారు కదలదు కదా, సాయంత్రం నేనే కనుమ దాటిస్తాను."

వెలిచ్కాకు భయం వేసింది. ఆ భయంతోనే వంగి, రెండు చేతులా బ్యాటరీ ఎత్తి రొమ్ముకు ఆనించుకుని, ఆయనకు వీపు చూపించి నడిచింది. ముందు హాల్లో ముగ్గురు కానిస్టేబుళ్లు టోపీలు సర్దుకుంటున్నారు, ఊరేగింపుకు సెల్యూట్ చెయ్యడానికి. వాళ్ల మధ్య నుంచే పోయింది. వెనక నుంచి కేక రాలేదు. ఎలా వస్తుంది? నా బ్యాటరీ ఎత్తుకుపోతోంది పట్టుకోండని అరిస్తే, మీకెక్కడిదని ఊరంతా అడుగుతుంది. దొంగకు తేలు కుట్టినట్టయింది కెప్టెన్ పని.

గుర్రపు బండి గేటు ముందుకు వచ్చేసరికి వెలిచ్కా రోడ్డుకు అడ్డంగా నిలబడింది. ప్రీస్టు పాట ఆపాడు. ఆమె బ్యాటరీని మంచులో, దోన్కా కాళ్ల దగ్గర దించింది.

దోన్కా ఒక్క క్షణం చూసి, కూలబడింది. చేతి తొడుగు లాగేసి, వేలితో ఆ నల్లటి చదరం తడిమింది. వేలు ముక్కు దగ్గర పెట్టుకుంది.

"ఇదే" అంది. "ఇదే తెచ్చాడు."

"దీనికి ఏ రోగమూ లేదు పిన్నీ. ఇది ఆ రాత్రి కారులో ఉండి ఉంటే ఆయన ఇంటికొచ్చేవాడు. దీన్ని ఎవడో దొంగిలించి, చచ్చిన బ్యాటరీ పెట్టాడు. నీ తివాచీ ఎవర్నీ చంపలేదు. ఆయన నీకు చెప్పింది నిజం."

"నిజమే చెప్పాడా?" అంది దోన్కా. రెండు రోజులుగా లోపల గడ్డకట్టిన ఏడుపు అప్పుడు వచ్చింది. బ్యాటరీ మీద తల పెట్టుకుని, ఆ ముసలావిడ వెక్కి వెక్కి ఏడ్చింది. "నిజమే చెప్పాడు తల్లీ, నేను అటు తిరిగి కూర్చున్నాను."

స్టేషను తలుపు దడాలున తెరుచుకుంది. కెప్టెన్ మాందెవ్, టోపీ లేకుండా, మెట్లు దూకి తన కారులో పడ్డాడు. తలుపు వేసుకుని తాళం తిప్పాడు.

ఏ చప్పుడూ లేదు. టక్కని కూడా అనలేదు.

మళ్లీ తిప్పాడు. అద్దంలోంచి ఆయన మొహం కనిపిస్తోంది. చిన్నగా, అయోమయంగా ఉంది, గుర్తు రావలసినది ఇంకా గుర్తు రానట్టు. తాళం తిప్పుతున్నది కుడిచెయ్యి. ఎడంచేతిలో సొరుగులోంచి తీసుకున్న తుపాకీ ఉంది. అది చూసి త్రెందఫిల్ గేటు దగ్గరే ఆగిపోయాడు. కానిస్టేబుళ్లు మెట్ల మీదే నిలిచిపోయారు. వెలిచ్కా దోన్కా భుజం పట్టుకోబోయింది.

దోన్కా ఆ చెయ్యి విదిలించుకుని లేచింది. కారు దాకా నడిచి, అద్దానికి మొహం ఆనించి, లోపలున్న మనిషిని తేరిపార చూసింది.

"తిప్పు" అంది. "ఇంకోసారి తిప్పు. ఆయన ఎన్నిసార్లు తిప్పాడో అన్నిసార్లూ తిప్పు."